జెయింట్స్ చరిత్రలో మేటి ఎవరు? మేస్, బాండ్స్ వాదనలో పక్కన పడిపోతున్న లెక్క

క్లుప్తంగా: శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ బేస్‌బాల్ జట్టులో ఇప్పటిదాకా ఆడినవాళ్లందరిలో గొప్పవాడు ఎవరన్న వాదన చివరికి విల్లీ మేస్, బారీ బాండ్స్ దగ్గరే ఆగుతుంది. బాండ్స్ మీద స్టెరాయిడ్స్ మచ్చ ఉంది కాబట్టి ఆ మచ్చను ఎంత లెక్కించాలన్న దాని మీదే తీర్పు ఆధారపడి ఉందని చాలామంది అనుకుంటారు. మొత్తం బేస్‌బాల్ చరిత్రలో ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు అది నిజమే. జెయింట్స్ వరకే చూస్తే మాత్రం ఆ మచ్చను పూర్తిగా వదిలేసినా మేసే ముందుంటాడు. కారణం, బాండ్స్ తొలి ఏడేళ్లు ఆడింది పిట్స్‌బర్గ్ జట్టుకు.

వాదన మళ్లీ ఎందుకు లేచింది

2024 జూన్ 18న విల్లీ మేస్ 93 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. సరిగ్గా రెండు రోజుల తర్వాత అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో, రిక్‌వుడ్ ఫీల్డ్ అనే పాత మైదానంలో, జెయింట్స్, సెయింట్ లూయిస్ కార్డినల్స్ మ్యాచ్ జరగాల్సి ఉంది. నల్లజాతి ఆటగాళ్లను పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వాళ్లు నడుపుకున్న నీగ్రో లీగ్స్‌కు, మేస్‌కు గౌరవంగా ఆ మ్యాచ్‌ను ముందే ఖరారు చేశారు. 1948లో, ఇంకా స్కూల్లో చదువుకుంటూనే, మేస్ బర్మింగ్‌హామ్ బ్లాక్ బ్యారన్స్ జట్టుకు ఆడిన మైదానం అది. సన్మానంగా అనుకున్నది నివాళిగా మారింది. ఆ వారమంతా అమెరికా పత్రికలు, టీవీలు మేస్ గురించే మాట్లాడాయి.

ఏడాదిన్నర తర్వాత, 2025 డిసెంబర్‌లో, వాదనలో రెండో పక్షం వార్తల్లోకి వచ్చింది. బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకు దక్కే శాశ్వత గౌరవ స్థానం హాల్ ఆఫ్ ఫేమ్. దానికి ఎవరిని ఎన్నుకోవాలో తేల్చడానికి 16 మంది సభ్యుల కమిటీ కూర్చుంది. ఎన్నిక కావాలంటే 12 ఓట్లు కావాలి. బాండ్స్‌కు ఐదు కూడా పడలేదు. అదే సమావేశంలో జెఫ్ కెంట్ ఎన్నికయ్యాడు. కెంట్ ఆరేళ్లు జెయింట్స్‌లో బాండ్స్‌తో కలిసి ఆడినవాడు. ఇద్దరికీ పడేది కాదు. 2002లో మ్యాచ్ జరుగుతుండగా డగౌట్‌లోనే, కెమెరాల ముందు, ఒకరినొకరు తోసుకున్నారు. ఆ జట్టులో బాండ్స్ కన్నా కెంట్ గొప్పవాడని కెంట్ అభిమానులు కూడా అనరు. అయినా ఒకరు లోపల, ఒకరు బయట.

ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోసే వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు జెయింట్స్ సొంతూరి జట్టులాంటిది. క్రికెట్ చూస్తూ పెరిగిన తల్లిదండ్రులకు పిల్లల నోట వినిపించే ఈ వాదన సగమే అర్థమవుతుంది. అందుకే ముందుగా ఆట గురించి రెండు ముక్కలు. బ్యాటర్ బంతిని కొట్టి నాలుగు బేస్‌లు చుట్టి వస్తే ఒక రన్. బంతి గాల్లోనే కంచె దాటితే హోమ్ రన్. బ్యాటర్‌కు అందే పరిధిలో కాకుండా పిచర్ (బంతి వేసేవాడు) నాలుగు బంతులు వేస్తే, బ్యాటర్ ఏమీ కొట్టకుండానే మొదటి బేస్‌కు వెళ్లిపోతాడు. దాన్ని వాక్ అంటారు. భయపడి కావాలనే ఇచ్చేది ఇంటెన్షనల్ వాక్. బాండ్స్ కథలో ఇది చాలా ముఖ్యం.

రెండు ఊళ్ల జట్టు

జెయింట్స్ 1883లో న్యూయార్క్‌లో పుట్టింది. 1957 సీజన్ ముగిశాక దేశానికి ఆ చివర్నుంచి ఈ చివరకు, శాన్‌ఫ్రాన్సిస్కోకు మారింది. ఇప్పటిదాకా గెలిచిన వరల్డ్ సిరీస్‌లు (ఏటా ఛాంపియన్‌ను తేల్చే చివరి సిరీస్) 8. అందులో ఐదు (1905, 1921, 1922, 1933, 1954) న్యూయార్క్‌లో ఉండగా, మూడు (2010, 2012, 2014) శాన్‌ఫ్రాన్సిస్కోలో గెలిచినవి.

ఊరు మారిన జట్టుకు జ్ఞాపకాలు కూడా రెండు ముక్కలవుతాయి. క్రిస్టీ మాథ్యూసన్, మెల్ ఆట్, కార్ల్ హబ్బెల్ లాంటి వాళ్లు న్యూయార్క్ వాళ్లు. వాళ్లను చూసిన తరం ఇప్పుడు లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో అభిమానికి వాళ్లు గోడ మీద ఫొటోలు. రెండు ఊళ్లలోనూ శిఖరాన ఆడిన ఒకే ఒక్కడు మేస్. అయితే శాన్‌ఫ్రాన్సిస్కో అతన్ని మొదట్లో మనస్ఫూర్తిగా అక్కున చేర్చుకోలేదు. 1957 చివర్లో అతను అక్కడ ఇల్లు కొనబోతే, నల్లజాతి వాడికి అమ్మొద్దని ఇరుగుపొరుగు ఒత్తిడి చేయడంతో యజమాని వెనక్కి తగ్గాడు. నగర మేయర్ జార్జ్ క్రిస్టఫర్ జోక్యం చేసుకున్నాక గానీ అమ్మకం జరగలేదు. తర్వాత ఆ ఇంటి కిటికీ మీద ఎవరో ఇటుక విసిరారు. మైదానంలోనూ అంతంతే ఆదరణ. 1958లో జట్టులో ఉత్తమ ఆటగాడిని ఎంచుకోమంటే స్థానిక అభిమానులు మేస్‌ను కాదని కొత్త కుర్రాడు ఓర్లాండో సెపెడాను ఎంచుకున్నారు. మేస్ న్యూయార్క్ నుంచి వచ్చిన హీరో, సెపెడా తమ కళ్ల ముందు మొదలైనవాడు. ఎవరు గొప్ప అన్న తీర్పులో ఎవరు మావాడు అన్న భావన ఎంత పని చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మైదానం కొలతలు చేసే మాయ

న్యూయార్క్‌లో జెయింట్స్ ఆడిన పోలో గ్రౌండ్స్ గుర్రపు నాడా ఆకారంలో ఉండేది. కుడివైపు గీత వెంట కంచె 260 అడుగుల లోపే. మధ్యలో నేరుగా కొడితే 480 అడుగుల దాకా ఖాళీ. అంటే ఒకే మైదానంలో ఒక దిక్కున పిల్లల ఆట, మరో దిక్కున అసాధ్యం.

1954 సెప్టెంబర్ 29న, వరల్డ్ సిరీస్ తొలి మ్యాచ్‌లో ఈ రెండూ గంట తేడాలో కనిపించాయి. క్లీవ్‌లాండ్ ఆ సీజన్‌లో 111 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు. మ్యాచ్‌కు ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌ల్లో ఎనిమిదోది, స్కోరు 2-2, బేస్‌ల మీద ఇద్దరు రన్నర్లు. విక్ వెర్ట్జ్ మధ్యలోకి 420 అడుగుల దాకా కొట్టాడు. మేస్ వీపు తిప్పి కంచె వైపు పరుగెత్తి, భుజం మీదుగా వస్తున్న బంతిని అందుకుని, అదే ఊపులో వెనక్కి తిరిగి విసిరాడు. రెండో బేస్ మీదున్న రన్నర్ మూడో బేస్ దాటలేకపోయాడు. స్కోరు సమంగానే ఉండి ఆట పొడిగించిన పదో ఇన్నింగ్స్‌లో జెయింట్స్ ఆటగాడు డస్టీ రోడ్స్ కుడివైపు గీత వెంట 260 అడుగుల దూరం లేపాడు. అది హోమ్ రన్, మ్యాచ్ 5-2తో ముగిసింది. 420 అడుగులు కొట్టినవాడు అవుట్, 260 కొట్టినవాడు హీరో. జెయింట్స్ ఆ సిరీస్‌ను 4-0తో గెలిచింది.

మెల్ ఆట్‌ను అంచనా వేయడంలో వచ్చే చిక్కు కూడా ఇదే. 1926లో 17 ఏళ్లకు జట్టులోకి వచ్చి, 1947 దాకా మరో జట్టు ముఖం చూడకుండా ఆడాడు. రెండు పెద్ద లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లో 500 హోమ్ రన్లు దాటిన మొదటివాడు అతనే. మొత్తం 511. అయితే ఎడమచేతి వాటం కాబట్టి ఆ దగ్గరి కంచె అతనికి వరం. 511లో 323 సొంత మైదానంలో కొట్టినవి, బయట కొట్టినవి 188 మాత్రమే. మేస్ సంగతి చూస్తే, కెరీర్ మొత్తంలో కొట్టిన 660లో 335 ఇంట్లో, 325 బయట. పైగా 1960 నుంచి అతను ఆడిన క్యాండిల్‌స్టిక్ పార్క్‌లో సముద్రం మీద నుంచి వచ్చే గాలి కుడిచేతి బ్యాటర్లు లేపిన బంతిని వెనక్కి నెట్టేది. మైదానం ఒకరికి ఇచ్చింది, ఒకరి దగ్గర లాక్కుంది. పక్కపక్కన పెట్టిన హోమ్ రన్ల పట్టికలో ఇదేదీ కనిపించదు.

పిచర్లలో మాథ్యూసన్ పేరు తప్పక చెప్పాలి. 1905 వరల్డ్ సిరీస్‌లో ఆరు రోజుల్లో మూడు మ్యాచ్‌లు పూర్తిగా వేసి, మూడింట్లోనూ ప్రత్యర్థికి ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. కెరీర్‌లో 373 విజయాలు, ఒక్కటి తప్ప అన్నీ జెయింట్స్‌కే. 1936లో హాల్ ఆఫ్ ఫేమ్ తొలి ఐదుగురిలో ఒకడు. అయితే అతను ఆడిన కాలంలో హోమ్ రన్లు అరుదు, బంతి మెత్తగా ఉండేది, నల్లజాతి ఆటగాళ్లకు ప్రవేశమే లేదు. జెయింట్స్‌లోకి తొలి నల్లజాతి ఆటగాళ్లు వచ్చింది 1949లో. అంటే మాథ్యూసన్ కెరీరంతా, ఆట్ కెరీర్ దాదాపు అంతా దేశంలోని ప్రతిభలో ఒక వాటాను గేటు బయట నిలబెట్టిన లీగ్‌లో గడిచింది. దాన్ని అంకెల్లో సరిదిద్దే సూత్రం ఏదీ లేదు.

బ్యాటు ఒక్కటే చూస్తే బాండ్స్

బాండ్స్ 1986 నుంచి 1992 వరకు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కు ఆడి, 1993లో జెయింట్స్‌కు వచ్చాడు. అతని తండ్రి బాబీ బాండ్స్ మేస్‌కు సహచరుడు. మేస్ బారీకి గాడ్‌ఫాదర్, అంటే చర్చి ఆచారం ప్రకారం పెదనాన్న స్థానంలో నిలిచిన పెద్ద. వాదించుకునేది అభిమానులే గానీ, ఆ ఇద్దరి మధ్య ఏనాడూ పోటీ వాతావరణం లేదు.

2001లో బాండ్స్ కొట్టిన 73 హోమ్ రన్లు ఇప్పటికీ ఒక సీజన్ రికార్డు. 2007 ఆగస్టు 7న 756వది కొట్టి హ్యాంక్ ఆరన్‌ను దాటాడు, 762 దగ్గర ఆగాడు. అందులో 586 జెయింట్స్‌కు కొట్టినవి. మేస్ జెయింట్స్‌కు కొట్టింది 646. ఈ ఒక్క పోలికే చాలామందికి తెలియదు. ఆట మొత్తానికి హోమ్ రన్ల రారాజు బాండ్స్, కానీ జెయింట్స్ జట్టు రికార్డు మేస్‌దే.

అయినా బాండ్స్ బలం హోమ్ రన్లలో కన్నా ప్రత్యర్థుల భయంలో ఎక్కువ కనిపిస్తుంది. 1998 మే 28న అరిజోనా జట్టు 8-6 ఆధిక్యంలో ఉంది. చివరి ఇన్నింగ్స్, ఇంకొక్క అవుట్ చాలు. మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి, బాండ్స్ బ్యాటింగ్‌కు వచ్చాడు. అరిజోనా మేనేజర్ బక్ షోవాల్టర్ కావాలనే వాక్ ఇమ్మన్నాడు. అంటే ఒక రన్ చేతులారా ఇచ్చేసి, తర్వాతి బ్యాటర్‌తో తేల్చుకుందామన్నాడు. 8-7తో అరిజోనా గెలిచింది. ఆ నిర్ణయం సరైనదే అయింది, అదీ విశేషం. 2004 వచ్చేసరికి ఇది అలవాటుగా మారింది. ఆ ఒక్క సీజన్‌లో బాండ్స్‌కు 232 వాక్‌లు, అందులో 120 ఇంటెన్షనల్. ప్రతి పదిసార్లు బ్యాట్ పట్టుకుంటే ఆరుసార్లకు పైగా బేస్ మీదకు చేరాడు (.609). వందేళ్లు దాటిన ఆటలో ఒక సీజన్‌లో అంత శాతం ఇంకెవరికీ లేదు.

కాలాన్ని, మైదానాన్ని సరిచేసి బ్యాటింగ్‌ను కొలిచే ఓపీఎస్ ప్లస్ అనే అంకెలో సగటు ఆటగాడు 100. జెయింట్స్ ఏళ్లలో మేస్ 150ల్లో ఉంటాడు. బాండ్స్ దాదాపు 200. ఈ తేడాను చిన్నది అనడానికి వీల్లేదు.

ఎంవీపీలు లెక్కపెడితే ఎందుకు దారి తప్పుతాం

ఎంవీపీ అంటే లీగ్‌లో ఏటా అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే అవార్డు. బాండ్స్‌కు మొత్తం ఏడు ఎంవీపీలు, జెయింట్స్‌లో ఉండగా ఐదు (1993, 2001 నుంచి 2004 వరకు వరుసగా నాలుగు). మేస్‌కు రెండే, 1954లో ఒకటి, 1965లో ఒకటి. 5-2 అని వాదన ముగించేవాళ్లు ఉన్నారు.

ఎంవీపీ ఇచ్చేది పత్రికా విలేకరుల ఓటింగ్. ఓటు వేసే పద్ధతి కాలంతో మారింది. మేస్ రోజుల్లో ఆకర్షణీయమైన ఒక్క అంకె, జట్టు గెలుపోటములు ఓటర్ల మీద బాగా పనిచేసేవి. ఏటా ఒకడే అందరికన్నా బాగా ఆడుతుంటే అందులో కొత్తదనం కనిపించదు కాబట్టి, కొత్త కథ ఉన్నవాడికి ఓటు పడేది. 1962లో మేస్ 49 హోమ్ రన్లు కొట్టి, జట్టును వరల్డ్ సిరీస్ దాకా తీసుకెళ్లాడు. ఎంవీపీ మాత్రం ఆ ఏడాది 104 బేస్‌లు దొంగిలించి (అంటే బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తి) రికార్డు పెట్టిన లాస్ ఏంజెలెస్ ఆటగాడు మోరీ విల్స్‌కు దక్కింది. నేటి కొలతలతో వెనక్కి వెళ్లి చూస్తే ఆ సీజన్‌లో మేస్ విల్స్ కన్నా చాలా ముందున్నాడు. బాండ్స్ ఏళ్లకు వచ్చేసరికి ఓటర్లు బేస్ చేరే శాతం లాంటి అంకెలను చూడటం నేర్చుకున్నారు. రెండు కాలాల ఎంవీపీలను ఒకే సంచిలో వేసి లెక్కపెట్టడం కుదరదు.

గోల్డ్ గ్లవ్ అనే ఫీల్డింగ్ అవార్డు మేస్‌కు వరుసగా 12 వచ్చాయి. ఆ అవార్డు మొదలైందే 1957లో. అంతకుముందు ఏళ్లకు, వెర్ట్జ్ బంతిని పట్టిన 1954తో కలిపి, లెక్కే లేదు.

వార్ చెప్పే లెక్క

బ్యాటింగ్, పరుగు, ఫీల్డింగ్ అన్నిటినీ కలిపి చూడటానికి ఇప్పుడు అందరూ వాడే కొలత వార్. ఒక ఆటగాడు లేకపోతే అతని చోట చిన్న లీగ్ నుంచి ఎవరినో ఒకరిని తెచ్చి ఆడిస్తారు కదా, అప్పుడు జట్టు ఎన్ని మ్యాచ్‌లు తక్కువ గెలిచేదో అంచనా వేసే అంకె ఇది. సీజన్‌కు 8 దాటితే ఎంవీపీ స్థాయి. ఆడే స్థానాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మేస్ ఆడిన సెంటర్ ఫీల్డ్‌లో చాలా నేల కాపాడాలి, అది చేయగలిగేవాళ్లు తక్కువ, అందుకే కొంత కలుపుతారు. బాండ్స్ ఆడిన లెఫ్ట్ ఫీల్డ్ తేలిక, కొంత తీసేస్తారు.

బేస్‌బాల్ రిఫరెన్స్ సైట్ లెక్క ప్రకారం కెరీర్ మొత్తానికి బాండ్స్ వార్ 162 పైన, మేస్ 156. ఇంత దగ్గరగా ఉంటే స్టెరాయిడ్స్‌కు ఎంత తీసేస్తారన్న దాని మీదే తీర్పు ఆధారపడుతుంది. అందరూ చేసే వాదన ఇదే.

జెయింట్స్ ఏళ్లను మాత్రమే తీసుకుంటే బొమ్మ మారిపోతుంది. మేస్ 150 దాటి ఉంటాడు, అతను చివర్లో న్యూయార్క్ మెట్స్‌కు ఆడిన రెండేళ్లలో పోయింది చాలా తక్కువ. బాండ్స్ 112 దగ్గర ఆగిపోతాడు. పిట్స్‌బర్గ్‌లో వదిలేసి వచ్చిన 50 అతని ఖాతాలోంచి మాయమవుతుంది. ఇంకో ఆసక్తికరమైన విషయం, ఎవరూ పెద్దగా తలవని మెల్ ఆట్ కూడా 110 దాటి, బాండ్స్ పక్కనే నిలుస్తాడు. మాథ్యూసన్ వంద దరిదాపుల్లో ఉంటాడు.

దీనికి ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. మేస్ జెయింట్స్‌కు ఆడింది 21 సీజన్లు, బాండ్స్ 15. ఎక్కువ కాలం ఆడితే ఎక్కువ రావడం మామూలే. సగటు తీస్తే సీజన్‌కు బాండ్స్‌ది 7.5 దాకా, మేస్‌ది కొంచెం తక్కువ. అయితే మేస్ నుంచి కూడా 15 సీజన్లే తీసుకుంటే? 1954 నుంచి 1968 వరకు, ఏరుకోకుండా వరుసగా లెక్కిస్తే, 130 దాటుతుంది. కాలాన్ని సమానం చేసినా 112 వెనకే ఉంటుంది. 1952లో 34 మ్యాచ్‌లు ఆడి సైన్యంలోకి వెళ్లిన మేస్, 1953 మొత్తం ఆడలేదన్నది ఇందులో కలపనే లేదు.

వార్‌ను దైవవాక్యంగా తీసుకోకూడదు. మేస్ కాలం ఫీల్డింగ్‌ను ఇప్పటిలా కెమెరాలతో కొలవలేదు, పాత స్కోరు పుస్తకాల నుంచి వెనక్కి అంచనా కట్టారు. అందుకని 5 అటో ఇటో ఉన్న తేడాను పట్టించుకోనక్కర్లేదు. 40 తేడాను అలా కొట్టిపారేయలేం.

స్టెరాయిడ్స్: కత్తెర ఎక్కడ వేసినా

శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర బర్లింగేమ్‌లోని బాల్కో అనే సంస్థ క్రీడాకారులకు నిషేధిత మందులు సరఫరా చేస్తోందని 2003లో బయటపడింది. ఆ డిసెంబర్‌లో, కేసు పెట్టాలో వద్దో తేల్చే గ్రాండ్ జ్యూరీ ముందు బాండ్స్ సాక్ష్యం చెప్పాడు. తన ట్రెయినర్ ఇచ్చినవి వాడానని, అవి స్టెరాయిడ్స్ అని తెలియదని చెప్పినట్టు తర్వాత పత్రికల్లో వచ్చింది. 2007లో అబద్ధపు సాక్ష్యం, న్యాయప్రక్రియకు అడ్డుతగలడం కింద అభియోగాలు నమోదయ్యాయి. 2011లో అడ్డుతగలడం ఒక్కటే రుజువైందని తీర్పు వచ్చింది, 2015లో అప్పీల్ కోర్టు దాన్నీ కొట్టేసింది. స్టెరాయిడ్స్ వాడాడని లీగ్ అతన్ని ఎన్నడూ సస్పెండ్ చేయలేదు. అసలు లీగ్‌లో పరీక్షలు మొదలైందే 2003లో, అదీ మొదటి ఏడాది పేర్లు, శిక్షలు లేకుండా.

బాండ్స్ వైపు వాళ్ల అత్యంత బలమైన మాట ఇది: ఆరోపణలన్నీ 1998 తర్వాత కాలానివి, అప్పటికే అతనికి 411 హోమ్ రన్లు, మూడు ఎంవీపీలు, ఎనిమిది గోల్డ్ గ్లవ్‌లు ఉన్నాయి, అక్కడితో ఆపేసినా హాల్ ఆఫ్ ఫేమ్‌కు అర్హుడే. హాల్ ఆఫ్ ఫేమ్ చర్చలో ఇది బరువైన వాదన. జెయింట్స్ చర్చలోకి తెచ్చేసరికి తేలిపోతుంది. ఆ 13 సీజన్లలో ఏడు పిట్స్‌బర్గ్‌వి. జెయింట్స్‌కు మిగిలేది ఆరు సీజన్లు, 235 హోమ్ రన్లు, ఒక ఎంవీపీ, 50కి అటూఇటూ వార్. చాలా మంచి ఆరేళ్లు. కానీ మేస్ 1960 నుంచి 1965 వరకు ఆరేళ్లలోనే 60 దాటాడు.

బాండ్స్‌ను జెయింట్స్ చరిత్రలో శిఖరానికి ఎక్కించేది 2001 నుంచి 2004 వరకు నాలుగేళ్లే. అవి అతనికి 36 నుంచి 40 ఏళ్ల వయసులో వచ్చాయి. మామూలుగా ఆ వయసుకి బ్యాటర్ల కళ్లు, కాళ్లు నెమ్మదిస్తాయి. అనుమానం పుట్టింది కూడా అక్కడే. అంటే అతని గొప్పతనానికి ఆధారంగా చూపేదీ, అతని మీద అభియోగానికి ఆధారంగా చూపేదీ ఆ నాలుగేళ్లే. పిట్స్‌బర్గ్ ఏళ్లను తీసేశాక, ఆ రెండింటినీ విడదీయడానికి దారి దొరకదు. అయినా ఉదారంగా ఉండి, ఏమీ తీసేయకుండా, పూర్తి మార్కులు ఇచ్చినా 112 దగ్గరే ఆగుతుంది. 1998 తర్వాత వచ్చినదాంట్లో సగం తీసేస్తే 80 చుట్టుపక్కల, 1998తో ఆపేస్తే 50. మూడు లెక్కల్లోనూ క్రమం మారదు. జట్టు వరకు డ్రగ్స్ గొడవను తేల్చాల్సిన అవసరమే లేదన్నది అందుకే.

మేస్ కాలం పూర్తిగా పరిశుద్ధమేమీ కాదు. 1960ల్లో ఆటగాళ్ల గదుల్లో అలసట పోగొట్టే యాంఫెటమైన్ మాత్రలు మామూలుగా దొరికేవి, లీగ్ వాటికి పరీక్షలు మొదలుపెట్టింది 2006లో. పాత కాలం వాళ్లందరినీ దేవుళ్లుగా, కొత్తవాళ్లను దొంగలుగా చూపించే కథనాల్లో ఈ సంగతి ఎందుకో రాదు.

కప్పు గెలిచినవాడే గొప్పా?

2010 తర్వాత అభిమానులైన తరానికి ఈ వాదనే పాతచింతకాయ పచ్చడి. వాళ్లకు మూడు కప్పులు చూపించిన బస్టర్ పోసీ, 2014 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో రెండు రోజుల విశ్రాంతితోనే వచ్చి చివరి ఐదు ఇన్నింగ్స్‌లు వేసిన మాడిసన్ బమ్‌గార్నర్ కావాలి. పోసీ 2024 నుంచి జట్టు బేస్‌బాల్ వ్యవహారాలకు అధిపతి కూడా.

కప్పుల కొలతతో చూస్తే మేస్, బాండ్స్ ఇద్దరూ ఇబ్బందిలో పడతారు. మేస్ గెలిచింది ఒక్క వరల్డ్ సిరీస్. వరల్డ్ సిరీస్‌లలో 20 మ్యాచ్‌లు ఆడి ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. బాండ్స్‌కు కప్పే లేదు. అయితే 2002లో ఆనహైమ్‌తో ఏడు మ్యాచ్‌లు సాగిన సిరీస్‌లో అతను నాలుగు హోమ్ రన్లు, .471 సగటుతో ఆడాడు, జట్టు ఓడిపోయింది. 1993లో జెయింట్స్ 103 మ్యాచ్‌లు గెలిచీ ప్లేఆఫ్‌కు వెళ్లలేదు, ఎందుకంటే అదే డివిజన్‌లో (లీగ్‌లోని జట్ల గుంపు) ఉన్న అట్లాంటా 104 గెలిచింది, ఆ రోజుల్లో డివిజన్ గెలిచినవాళ్లకే చోటు. బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు తొమ్మిది మందిలో ఒకసారే వంతు వస్తుంది. ఎంత గొప్పవాడైనా క్రికెట్‌లోలా రోజంతా క్రీజులో పాతుకుపోయి మ్యాచ్ లాక్కురావడం కుదరదు. అందుకే కప్పుల్ని ఒక్కడి పేర రాయడం ఈ ఆటలో మరీ బలహీనమైన పద్ధతి.

ఊరికి ఎవరు ఏమిచ్చారు

అంకెల్లో పడని ఒక ఖాతాలో మాత్రం బాండ్స్ పక్షం బలంగా ఉంది. 1992లో యజమాని బాబ్ లూరీ జట్టును ఫ్లోరిడాకు తరలించే వాళ్లకు అమ్మడానికి ఒప్పుకున్నాడు. లీగ్ యజమానులు ఆ అమ్మకాన్ని నవంబర్‌లో తిరస్కరించారు. పీటర్ మాగోవన్ నాయకత్వంలో స్థానికులు జట్టును కొని, డిసెంబర్‌లో చేసిన తొలి పెద్ద పని బాండ్స్‌ను ఆరేళ్లకు 4.375 కోట్ల డాలర్లకు తెచ్చుకోవడం. 1992లో 15.6 లక్షలున్న ప్రేక్షకులు మరుసటేడాది 26 లక్షలయ్యారు. ఆ ఊపులోనే, స్టేడియానికి డబ్బులివ్వడానికి ఓటర్లు పదేపదే నిరాకరించిన ఊళ్లో, ప్రైవేటు పెట్టుబడితో సముద్రం ఒడ్డున కొత్త మైదానం కట్టి 2000లో తెరిచారు. జట్టు అక్కడ మిగలడంలో బాండ్స్ పాత్ర ఎంత అన్నది కచ్చితంగా కొలవలేం. చిన్నది మాత్రం కాదు.

ఆ మైదానం చిరునామా మటుకు 24, విల్లీ మేస్ ప్లాజా. 24 మేస్ జెర్సీ నంబరు. బాండ్స్ నంబరు 25ను జట్టు 2018లో రిటైర్ చేసింది, అంటే ఇకపై ఎవరికీ ఇవ్వదు. లీగ్ వ్యాప్తంగా తలుపులు మూసుకుపోయిన ఆటగాడిని సొంత జట్టు నెత్తిన పెట్టుకుంది. మొత్తం ఆట చరిత్ర, ఒక జట్టు చరిత్ర వేర్వేరు కొలతలతో నడుస్తాయని జెయింట్స్ యాజమాన్యానికి అభిమానుల కన్నా ముందే అర్థమైనట్టుంది.

ఇక ముందు

అంకెలు కూడా అలాగే ఉండిపోవు. నీగ్రో లీగ్స్ గణాంకాలను 2024 మేలో పెద్ద లీగ్ రికార్డుల్లో కలిపినప్పుడు, బర్మింగ్‌హామ్‌లో కొట్టిన 10 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరిన సందర్భాలు) చేరి మేస్ మొత్తం 3,283 నుంచి 3,293కి పెరిగింది. అతను చనిపోవడానికి మూడు వారాల ముందు. పాత మ్యాచ్‌ల స్కోరు కాగితాలు ఇంకా దొరుకుతున్నాయి కాబట్టి ఆ అంకె మళ్లీ కదలొచ్చు.

బాండ్స్ విషయంలో కదిలేది చాలా తక్కువ. కొత్త నియమం ప్రకారం కమిటీలో ఐదు కన్నా తక్కువ ఓట్లు వచ్చినవాళ్ల పేరు తర్వాతి విడతకు పరిశీలనలోకి రాదు. అంటే 2028లో అతని ఊసే ఉండదు. మళ్లీ అవకాశం 2031లో. అప్పుడూ ఐదు పడకపోతే ఆ దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. 2022లో విలేకరుల ఓటింగ్‌లో, తన పదో, చివరి ప్రయత్నంలో, 75 శాతం కావాల్సిన చోట 66 శాతం తెచ్చుకున్న ఆటగాడికి, ఎక్కువగా మాజీ ఆటగాళ్లు, జట్ల అధికారులు కూర్చునే చిన్న కమిటీలో మూడో వంతు మద్దతు కూడా రాలేదు. అభిమానుల, విలేకరుల అభిప్రాయం అతనివైపు మెత్తబడుతున్నా, ఆటలో అతనితో పాటు ఉన్నవాళ్ల అభిప్రాయం మెత్తబడలేదు.